మూడో తరగతికి పాత పద్ధతి బడి: ఇది గట్టి చదువా, ఒట్టి కఠినమా?

రెండో క్లాసు అమ్మ:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా పాపకి ఏడేళ్లు, రెండో తరగతి అయిపోవస్తోంది. ఇప్పటిదాకా ఆటపాటలతో, ప్రాజెక్టులతో నేర్పే బడిలో చదివింది. అక్కడ సంతోషంగానే ఉంది, బడికి వెళ్లనని ఒక్కరోజు కూడా ఏడవలేదు, ఆ విషయంలో ఆ టీచర్లకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ ఈ మధ్య రాత్రిళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు కథలు చదివిస్తుంటే తెలిసింది, తను చదవడం లేదు, ఊహిస్తోంది. మొదటి అక్షరం చూస్తుంది, బొమ్మ చూస్తుంది, ఏదో ఒక మాట అనేస్తుంది. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది. లెక్కల్లో 8+5 అంటే ఇంకా వేళ్లు మడుస్తోంది. టీచర్‌ని అడిగితే "టైమ్ వచ్చినప్పుడు తనే పట్టుకుంటుంది, తొందరపెట్టకండి" అన్నారు. ఏడాది నుంచి అదే మాట వింటున్నాను.

అందుకని ఇంకో బడి చూశాం. వాళ్లు దాచకుండానే చెప్పారు, మాది పాత పద్ధతి అని. బెంచీలు వరసగా ఉంటాయి, అందరూ బోర్డు వైపే చూస్తారు. రోజూ ఎక్కాలు, రోజూ గట్టిగా చదివించడం, వారానికోసారి డిక్టేషన్, చూచిరాత, రోజూ హోంవర్క్. నలభై నిమిషాలు వెనక బెంచీలో కూర్చుని చూడనిచ్చారు. టీచర్ తీసివేత లెక్క ఒకటి బోర్డు మీద మెల్లగా చేసి చూపించారు, తర్వాత ఇంకోటి పిల్లల చేత చెప్పించుకుంటూ చేశారు, ఆ తర్వాత పిల్లలు పలకల మీద చేసి పైకెత్తి చూపించారు. నిజం చెప్పాలంటే నాకు బాగా నచ్చింది. గొడవ లేదు, భయం కూడా కనిపించలేదు.

మావారికి మాత్రం ఇష్టం లేదు. "బట్టీ బడి, పిల్లని మిషన్ చేసేస్తారు" అంటారు. ఆయన భయాన్ని కొట్టిపారేయలేను, ఎందుకంటే నేనూ అలాంటి బడిలోనే చదివాను, మొదటి ర్యాంకు తెచ్చుకున్నాను, కానీ భిన్నాల భాగహారంలో రెండో భిన్నాన్ని ఎందుకు తిరగేస్తారో పెళ్లయ్యాక కూడా నాకు తెలియదు. తిరగేయమన్నారు, తిరగేశాను, మార్కులు వచ్చాయి.

నా ప్రశ్న ఇదీ. పాత పద్ధతి అని చెప్పుకునే బడిలో నిజంగా చదువు గట్టిగా చెబుతున్నారా, లేక ఊరికే కఠినంగా ఉంటున్నారా అన్నది బయట నుంచి చూసే తల్లి ఎలా పోల్చుకోవాలి? ఏం అడగాలి, ఏం చూడాలి? ఏడేళ్లకి అంత హోంవర్క్ అవసరమా? టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

సుద్దముక్క:

అమ్మా, నేను ప్రాథమిక తరగతులకు ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను. మొదటి పదేళ్లు మీ పాప ఇప్పుడు చదువుతున్నలాంటి బడిలో, ఆ తర్వాత మీరు చూసి వచ్చినలాంటి బడిలో. కాబట్టి రెండు వైపులా నాకు తెలుసు, రెండు వైపులా పొరపాట్లు చేసినదాన్ని.

మీరు చూసిన ఆ నలభై నిమిషాల గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మీరు చాలా మంచి విషయం చూశారు, దాని విలువ మీకు తెలియాలి. ముందు టీచర్ చేసి చూపడం, తర్వాత కలిసి చేయడం, ఆ తర్వాత పిల్లలు సొంతంగా చేయడం, అది కూడా అందరి జవాబూ టీచర్‌కి ఒకేసారి కనిపించేలా. బరాక్ రోజెన్‌షైన్ అనే అమెరికన్ పరిశోధకుడు మంచి టీచర్లు క్లాసులో ఏం చేస్తారన్న దాని మీద దశాబ్దాల పరిశోధనలను 2012లో ఒక వ్యాసంగా క్రోడీకరించాడు. అందులో లెక్కల టీచర్ల మీద చేసిన ఒక పోలిక ఉంది. పిల్లలు బాగా నేర్చుకున్న క్లాసుల్లో 40 నిమిషాల పీరియడ్‌లో దాదాపు 23 నిమిషాలు టీచర్లు వివరించడానికి, చేసి చూపడానికి, ప్రశ్నలు అడగడానికి వాడారు. సరిగా నేర్చుకోని క్లాసుల్లో అది 11 నిమిషాలే, ఆ పైన పిల్లలకి లెక్కలు ఇచ్చేసి చేసుకోమన్నారు. నేను మొదటి పదేళ్లూ ఆ 11 నిమిషాల టీచర్‌నే. పిల్లలు తమంతట తాము కనుక్కోవాలని నాకు గట్టి నమ్మకం ఉండేది. కనుక్కున్నవాళ్లు ఇంట్లో ఎవరో ఒకరు అప్పటికే చెప్పిన పిల్లలని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు నా క్లాసులో నవ్వుతూ కూర్చుని వెనకబడిపోయారు. ఆ పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు.

దీనికి కారణం మరీ అర్థం కానిదేం కాదు. మనం ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగింది చాలా తక్కువ, నాలుగైదు విషయాలకు మించదు, చిన్నపిల్లలకి ఇంకా తక్కువ. 402 లోంచి 178 తీసేయాలంటే పిల్ల స్థానాలు గుర్తుపెట్టుకోవాలి, అప్పు ఎక్కడి నుంచి తేవాలో గుర్తుపెట్టుకోవాలి, మధ్యలో సున్నా ఉంది కాబట్టి వందల దాకా వెళ్లి రావాలి. ఇంత జరుగుతుండగా 12 లోంచి 8 పోతే ఎంత అని కూడా వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వస్తే, వేళ్లు లెక్కపెట్టేలోపు మిగతాది జారిపోతుంది. చిన్న కూడికలు, తీసివేతలు, ఎక్కాలు నోటికి రావాలనేది అందుకే. ఆలోచించడానికి మనసులో చోటు మిగలాలి.

ఇక మీ అసలు ప్రశ్న. నన్నడిగితే నోటుబుక్కు చూడండి, బడి బ్రోషర్ కాదు. పైన చెప్పిన 402 లోంచి 178 తీసే లెక్కకి పిల్లలు తరచుగా రాసే తప్పు జవాబు 376. ఎలా వచ్చిందో చూడండి, ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశారు. 4 లోంచి 1, 7 లోంచి 0, 8 లోంచి 2. అది అజాగ్రత్త కాదు, పిల్ల తనకి తానుగా ఒక తప్పు పద్ధతి పెట్టుకుంది, దాన్ని క్రమం తప్పకుండా పాటిస్తోంది. అలాంటి పుస్తకంలో ఎర్ర ఇంటూ గుర్తు ఒక్కటే పెట్టి పది లెక్కలు మళ్లీ చేయమంటే ఆ పిల్ల అదే తప్పు పదిసార్లు ప్రాక్టీసు చేస్తుంది. మంచి టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఎలా చేశావు, నాకు చెప్పు" అంటుంది. బడికి మళ్లీ వెళ్లినప్పుడు మూడో తరగతి నోటుబుక్కులు నాలుగైదు చూపించమనండి. బాగా చదివేవాళ్లవి వద్దు, మధ్యస్థంగా చదివేవాళ్లవి. తప్పు దగ్గర టీచర్ ఏం చేసిందో, ఆ తర్వాతి రోజుల్లో అదే రకం లెక్క పిల్ల సరిగ్గా చేసిందో లేదో చూడండి. ఇంకా, పిల్లలకి అర్థం కాలేదని పలకల్లో కనబడితే టీచర్ పాఠం ఆపి వెనక్కి వెళుతుందా, సిలబస్ అవ్వాలని ముందుకు పోతుందా అన్నది కూడా.

మీ భిన్నాల సంగతి చదివి బాధేసింది. తిరగేయడం నేర్పడం తప్పు కాదు. 3 లో పావులు ఎన్ని ఉంటాయని ఒక్క బొమ్మ గీసి చూపించి, అవి 12 అని, అందుకే 4తో గుణిస్తున్నామని చెప్పి ఉంటే ఐదు నిమిషాల పని.

ఆదివారం సాయంత్రం:

పై మేడమ్ చెప్పినవన్నీ నిజమే. కానీ అమ్మగారూ, రెండో రకం పాత పద్ధతి బడి ఎలా ఉంటుందో కూడా మీరు వినాలి, ఎందుకంటే మేము అందులో రెండేళ్లు పోగొట్టుకున్నాం.

మా అబ్బాయిని కూడా ఇలాగే గట్టి పునాది పడుతుందని రెండో తరగతిలో ఒక బడిలో వేశాం. బయట నుంచి అన్నీ మీరు చెప్పినవే: వరసల బెంచీలు, ఎక్కాలు, డిక్టేషన్. రోజూ గంటన్నర హోంవర్క్, అందులో సగం చూచిరాత. వాడి నోటుబుక్కులు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు, ప్రతి పేజీలో టిక్కు. మేం మురిసిపోయాం. ఏడాది తర్వాత ఒకరోజు ఊరికే కాగితం మీద 8+4=__+5 అని రాసి ఖాళీలో ఏం రావాలని అడిగాను. 12 అన్నాడు. ఎందుకు నాన్నా అంటే "ఈ గుర్తు తర్వాత జవాబు రాయాలి కదా" అన్నాడు. సమానం గుర్తంటే రెండు వైపులా ఒకటే అని వాడికి ఎవరూ చెప్పలేదు, కొన్ని వందల కూడికలు చేశాడు గానీ. అప్పుడు నోటుబుక్కులు మళ్లీ తెరిచి చూశాను. జవాబులన్నీ బోర్డు మీద నుంచి ఎక్కించుకున్నవే. తప్పులు లేకపోవడానికి కారణం అది. కాబట్టి సుద్దముక్క గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, తప్పులే లేని నోటుబుక్కు కనిపిస్తే మరీ జాగ్రత్తగా ఉండండి.

ఇంకా బాధ కలిగించింది ఎక్కాల పోటీ. వారానికోసారి క్లాసు ముందు నిలబెట్టి, గడియారం పెట్టి అడిగేవారు, ఆగిపోయినవాడు నిలబడే ఉండాలి. మావాడికి ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపునొప్పి మొదలయ్యేది. డాక్టరుకి చూపించాం, ఏమీ లేదన్నారు. మా దగ్గర హాయిగా చెప్పే ఏడో ఎక్కం అక్కడ నోట్లోంచి వచ్చేది కాదు. తర్వాత చదివి తెలుసుకున్నాను, లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లకి ఆ టెన్షనే మనసులో ఉన్న ఆ కొంచెం చోటునీ ఆక్రమించేస్తుందట, మార్క్ ఆష్‌క్రాఫ్ట్ అనే ఆయన దాని మీద 2001లో పరిశోధన ప్రచురించాడు. అంటే మావాడికి ఎక్కం రాక కాదు, భయంలో అందలేదు. అది తెలియక ఇంట్లో మేం కూడా కోప్పడ్డాం. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

హోంవర్క్ గురించి అడిగారు. హారిస్ కూపర్ అనే ప్రొఫెసర్, ఆయన బృందం 2006లో చాలా అధ్యయనాలను కలిపి చూస్తే హోంవర్క్‌కీ మార్కులకీ సంబంధం ఏడో తరగతి నుంచి పైకి బాగా కనిపించింది, చిన్న తరగతుల్లో చాలా బలహీనంగా ఉంది. తరగతికి పది నిమిషాల చొప్పున అనే ఒక లెక్క కూడా చాలామంది పాటిస్తారు, అంటే మూడో తరగతికి అరగంట. గంటన్నర అని ఏ బడైనా చెబితే, ఆ గంటన్నరలో పిల్ల ఏం చేస్తుందని అడగండి. పది నిమిషాలు గట్టిగా చదవడం, పది లెక్కలు, అంతే అయితే మంచిదే. మిగతాదంతా బోర్డు మీదున్నదే మళ్లీ ఎక్కించడమైతే ఆ సమయం పిల్ల నిద్రకో ఆటకో ఇచ్చేయండి.

అక్షరం వెనక శబ్దం:

నేను చదవడంలో ఇబ్బంది పడే పిల్లలతో పని చేస్తాను. మిగతా విషయాలు పైవాళ్లు చెప్పారు, నేను చదువు దగ్గరే ఆగుతాను. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే తొందరగా చూడాల్సిందిగా అనిపించింది బొమ్మ చూసి ఊహించడం.

దయచేసి దాన్ని టైమ్ వస్తుందిలే అని వదలొద్దు. మాట్లాడడం పిల్లలకి వింటూ వింటూ వచ్చేస్తుంది, చదవడం అలా రాదు, ఎవరో ఒకరు నేర్పాలి. ఏ అక్షరానికి ఏ శబ్దమో, ఆ శబ్దాలని ఎలా కలపాలో ఒక క్రమంలో చెప్పాలి. తెలుగు లిపిలో రాసినది దాదాపు రాసినట్టే పలుకుతాం కాబట్టి గుణింతాలు, ఒత్తులు గట్టిగా వస్తే కొత్త మాటైనా చదవగలరు. ఇంగ్లీషులో 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు రాయాలి, అందుకే అక్కడ ఇంకా ఓపిగ్గా, ఇంకా వరసగా నేర్పాలి, ఊహకి వదలకూడదు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక క్రమబద్ధంగా ఫోనిక్స్, అంటే ఇలా అక్షరాలకి శబ్దాలు కలిపి చదవడం, నేర్పడం పిల్లలకి మేలు చేస్తుందని తేల్చింది. ఇంగ్లండులో 2012 నుంచి మొదటి తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెడుతున్నారు, 40 మాటలు చదవాలి, అందులో 20 అర్థం లేని మాటలు. అవి ఎందుకంటే, లేని మాటని ఎవరూ ఊహించలేరు, అక్షరాలు కలిపి చదవాల్సిందే.

మీరు ఇంట్లో అలాగే చేసి చూడండి. బొమ్మలేమీ లేకుండా 'డిమకు', 'లొట్టిప' లాంటివి ఓ పది రాసి, ఇవి ఉత్తుత్తి మాటలు, ఎలా ఉంటే అలా చదువు అని చెప్పండి. ఇంగ్లీషులో కూడా చిన్న చిన్నవి పది. ఎక్కడ ఆగుతుందో రాసుకోండి, అది పట్టుకుని కొత్త బడి టీచర్‌ని కలవండి, ఎంతో పని తగ్గుతుంది ఆమెకి. మంచిగా, వరసగా నేర్పించిన కొన్ని నెలల తర్వాత కూడా కదలిక లేకపోతే డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో ఉండే ఇబ్బంది) ఉందేమో చూపించాలి, దానికి భయపడక్కర్లేదు, ఆలస్యం మాత్రం చేయకూడదు.

కానీ అక్షరాలు కలపడం వచ్చేస్తే చదువు వచ్చేసినట్టు కాదు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పిల్లలకి బేస్‌బాల్ ఆట గురించి ఒక పాఠం ఇచ్చారు. పరీక్షల్లో చదివే నైపుణ్యం తక్కువని తేలిన పిల్లలు, ఆ ఆట బాగా తెలిసినవాళ్లయితే, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నారు. అంటే ప్రపంచం గురించి ఎంత తెలిస్తే చదివింది అంత అర్థమవుతుంది. కొన్ని బళ్లు పునాది పేరుతో రోజంతా భాష, లెక్కలే పెట్టి సైన్సు, చరిత్ర, భూగోళం పక్కన పెట్టేస్తాయి. ఆ బడి టైమ్‌టేబుల్ అడిగి చూడండి.

మట్టి బొమ్మలు:

నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. మా ఇద్దరు పిల్లలూ ప్రాజెక్టుల బడిలోనే చదివారు, పెద్దమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి, చదువు బాగుంది, లెక్కలు బాగున్నాయి. ఇక్కడ అందరూ ఒక బడి సరిగా చేయనిదాన్ని పద్ధతి మొత్తం మీద వేస్తున్నారేమో అనిపిస్తోంది. మా పిల్లల బడిలో కూడా రోజూ ఇరవై నిమిషాలు ఫోనిక్స్ ఉండేది, టీచరే ముందు నిలబడి చెప్పేవారు. ఆ తర్వాత మొక్కలు పెంచి వారం వారం ఎత్తు కొలిచి గ్రాఫు గీసేవారు. మా చిన్నాడికి దశాంశాలు అర్థమైంది ఆ మొక్క దగ్గరే.

ఫిన్లాండ్‌లో పిల్లలు బడి మొదలుపెట్టేదే ఏడేళ్లకి. అమ్మగారి పాప వయసు అది. అంతకు ముందు వాళ్లు ఆడుకుంటారు, మాట్లాడతారు, కథలు వింటారు. కాబట్టి ఏడేళ్లకి రాకపోతే జీవితం పోయినట్టు భయపడాల్సిన పని లేదు. నేను భయపడేది వేరే దానికి. వరసల బెంచీల బడిలో పిల్ల రోజంతా టీచర్ అడిగిన ప్రశ్నలకే జవాబు చెబుతుంది. తను అడిగే ప్రశ్నకి చోటెక్కడ? పక్కపిల్లతో మాట్లాడి అభిప్రాయం మార్చుకునే అవకాశం ఎక్కడ? సొంతంగా నాలుగు వాక్యాలు రాయడం ఎప్పుడు? చూచిరాత రాయడం కాదు కదా.

సుద్దముక్క:

మట్టి బొమ్మలు గారూ, నొచ్చుకోవడానికి ఏముంది, మీ పిల్లల బడి మంచి బడి. ఇరవై నిమిషాలు టీచర్ ముందు నిలబడి క్రమంగా చెప్పడమే మేమంతా అడుగుతున్నది. మొక్క కొలిచి దశాంశాలు నేర్చుకోగలిగాడంటే, అంతకు ముందు స్కేలు చదవడం, పదుల స్థానం, ఒకట్ల స్థానం ఎవరో వాడికి గట్టిగా నేర్పారు. అమ్మగారి పాపకి ఆ ఇరవై నిమిషాలు దొరకలేదు, ఇక్కడ గొడవంతా అదే.

ఫిన్లాండ్ గురించి మాత్రం ఒకటి చెప్పాలి. ఏడేళ్లకి మొదలుపెట్టిన తర్వాత వాళ్లు కూడా ఊహకి వదలరు, అక్షరం శబ్దం వరసగానే నేర్పుతారు. పైగా ఫిన్నిష్ భాష రాసినట్టే పలికేది. ఆలస్యంగా మొదలుపెట్టడం వేరు, మొదలుపెట్టి రెండేళ్లయినా నేర్పకుండా ఉండడం వేరు.

మీ ప్రశ్నల్లో నాకు బాగా తగిలింది పిల్లల ప్రశ్నకి చోటెక్కడ అన్నది. మా బళ్లలో నిజంగానే అది తక్కువ. నేను ఈ మధ్య ఒక పని చేస్తున్నాను, పాఠం అయ్యాక ఐదు నిమిషాలు పిల్లలు ఇద్దరిద్దరుగా ఈ రోజు లెక్క ఒకరికొకరు వివరించుకుంటారు, నేను మధ్యలో తిరుగుతూ వింటాను. ఎవరికి అర్థం కాలేదో అక్కడే తెలిసిపోతుంది. ఇంకొకటి, పాతవాళ్లకి కోపం రావచ్చు గానీ చెబుతాను, మేం ఒకే రకం లెక్కలు పేజీలకి పేజీలు చేయించడం కూడా మారాలి. టేలర్, రోరర్ 2010లో నాలుగో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగంలో ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లకి మర్నాటి పరీక్షలో 38 శాతం వచ్చింది, అవే లెక్కలు కలగలిపి చేసినవాళ్లకి 77 శాతం. కలిపి చేస్తున్నప్పుడు మాత్రం వాళ్లే ఎక్కువ తప్పులు చేశారు. ప్రతి లెక్క దగ్గరా ఇది ఏ రకమో ఆలోచించాల్సి వస్తుంది కదా. తలిదండ్రులు నోటుబుక్కులో తప్పులు చూసి గాభరాపడతారని మేమే భయపడి సులువుదారి పడతాం.

మట్టి బొమ్మలు:

సరేనండీ, ఒప్పుకుంటాను. ఆ ఇద్దరిద్దరు వివరించుకోవడం బాగుంది, మా చిన్నాడి టీచర్‌కి చెబుతాను. అమ్మగారూ, ఏ బడైనా సరే, పాప రోజుకి ఒక్క వాక్యమైనా తన సొంతది రాస్తుందేమో చూసుకోండి. నేను కోరేది అంతే.

రెండో క్లాసు అమ్మ:

ఇన్ని రోజులు జవాబు ఇవ్వలేదు, క్షమించండి. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లొచ్చాను, ఈసారి మావారిని కూడా తీసుకెళ్లాను.

ఉత్తుత్తి మాటలు ముందు ఇంట్లో చదివించాను. తెలుగులో పదికి ఏడు చదివింది, ఆగినవన్నీ ఒత్తులున్నవే. ఇంగ్లీషులో రెండే. పాప మొహం చూస్తే జాలేసింది, కానీ ఏం రాలేదో మొదటిసారి నాకు కచ్చితంగా తెలిసింది. ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే అక్కడి టీచర్ దాన్ని రెండుసార్లు చదివి, "రెండు అక్షరాలు కలిసి ఒకే శబ్దం వచ్చే చోట్లన్నీ పోయాయి, మొదటి తరగతి పిల్లలతో ఉదయం అరగంట కూర్చోబెడతాను, మీకు అభ్యంతరం లేకపోతే" అన్నారు. ఏడాదిలో ఎవరూ నాకు ఇంత నిర్దిష్టంగా చెప్పలేదు.

నోటుబుక్కులు ఐదు చూశాం. తప్పులున్నాయి, చాలానే ఉన్నాయి, నాకు సంతోషమేసింది. ఒక పుస్తకంలో టీచర్ తప్పు లెక్క పక్కనే చిన్నగా స్థానాల పట్టీ గీసి పెట్టారు, కింద మూడు లెక్కలు రాసిచ్చారు, మూడు రోజుల తర్వాత ఇంకో రెండు. అన్నీ బాగున్నాయని కూడా చెప్పను. సైన్సు వారానికి రెండు పీరియడ్లే, అది తక్కువే అనిపించింది. సొంతంగా రాయడం గురించి అడిగితే నాలుగో తరగతి నుంచి అన్నారు. నాకు నచ్చలేదు, నచ్చలేదని చెప్పాను కూడా. అది ఇంట్లో నేనే చూసుకోవాలి. హోంవర్క్ అరగంట దాటితే ఆపేసి అక్కడిదాకా చేశానని రాసి పంపమన్నారు.

ఎక్కాలు క్లాసు ముందు నిలబెట్టి అడుగుతారా అని మావారు అడిగారు, ఆదివారం సాయంత్రం గారి పోస్టు ఆయన మనసులో ఉండిపోయింది. ఎవరి పలక మీద వాళ్లు రాస్తారట, టీచర్ మాత్రమే చూస్తారట. అప్పటికి ఆయన కొంచెం మెత్తబడ్డారు. బయటికొచ్చాక మాత్రం, "నాకు ఒక్కటే, పిల్ల ఎందుకు అని అడగడం మానేసిన రోజు తీసుకొచ్చేద్దాం" అన్నారు. సరే అన్నాను. చేర్పిస్తున్నాం.

సెలవుల్లో ఎక్కాలు మొదలుపెడదామనుకుంటున్నాను, పాప 20 ఎక్కాల పుస్తకం చూసి ఇప్పటికే బెదిరిపోయింది. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

సుద్దముక్క:

ఆ పుస్తకం కొన్నాళ్లు లోపల పెట్టేయండి. పదో ఎక్కం దాకా చాలు. ముందు గింజలో గుండీలో తీసుకుని 3 వరసల్లో నాలుగేసి పేర్చమనండి, తర్వాత పక్క నుంచి చూడమనండి, 4 వరసల్లో మూడేసి. 3×4 అన్నా 4×3 అన్నా ఒకటేనని తను తన కళ్లతో చూడాలి, దానికి రెండు మూడు రోజులు పట్టినా పర్వాలేదు. ఒకటో ఎక్కం ఎలాగూ వచ్చు. ఆ తర్వాత 2, 10, 5, ఈ వరసలో. ఈ నాలుగూ వచ్చాక ఒక కాగితం మీద పది నిలువు గళ్లు, పది అడ్డం గళ్లు గీసి, వచ్చినవన్నీ తన చేతే రంగు వేయించండి, తిరగేసినవి కూడా. వందలో రంగు పడనివి 36 గళ్లు, వాటిలోనూ 3×4, 4×3 లాంటి జంటల్ని ఒకటిగా లెక్కేస్తే కొత్తగా నేర్చుకోవాల్సినవి 21 మాత్రమే మిగులుతాయి. అది తనే లెక్కపెట్టనివ్వండి, మీరు చెప్పొద్దు. రోజుకి ఒకటి, నిన్నటిది, మొన్నటిది కలిపి అడుగుతూ, ఐదు నిమిషాలకి మించొద్దు. 7×8 ఆఖర్న పెట్టుకోండి, అది అందరికీ ఆలస్యంగానే వస్తుంది.